రాళ్లు మాకిచ్చారు, సంచి ఏం చేశారు?

నెల్లూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రి యాజమాన్యం వారికి,

మీ ఆసుపత్రి పేరు రాయడం లేదు. చదివితే మీకే తెలుస్తుంది.

మొన్న సోమవారం మీ క్యాష్ కౌంటర్ పక్కన అంటించిన కాగితం చూశాను. గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ప్యాకేజీలో ఇకమీదట తీసిన సంచికి చేసే ముక్క పరీక్ష (బయాప్సీ) ఉండదట, కావలసినవాళ్లు విడిగా కట్టుకోవాలట. కావాలో అక్కర్లేదో మైపాడు నుంచి కడుపునొప్పితో వచ్చిన చేపలమ్మే మనిషి ఎట్లా తేల్చుకుంటుంది?

మా అక్క సంగతి మీకు తెలుసు. రాళ్లున్నాయని సంచి తీసేశారు. రాళ్లు ప్లాస్టిక్ డబ్బాలో పోసి నా చేతికిచ్చారు, వీధిలో అందరికీ చూపించాం కూడా. సంచి ఎటు పోయింది? మేం అడగలేదు, మీరు చెప్పలేదు. పది నెలలకు అక్క కళ్లు పచ్చబడ్డాయి, క్యాన్సర్ అని తేలింది. చెన్నైలో డాక్టరు గారు మొట్టమొదట అడిగింది "బ్లాక్ ఉందా?" అని. తీసిన ముక్కను మైనంలో పెట్టి దాచినదాన్ని బ్లాక్ అంటారని ఆరోజే తెలిసింది నాకు.

క్యాన్సర్ సంచి గోడలో ఎంత లోతుకు దిగిందో అందులోనే తేలుతుందట. లోపలి పొరలోనే ఉంటే సంచి తీయడంతో సరి. కండ పొర దాకా పోతే పక్కనున్న లివర్ ముక్క, లింఫు గ్రంథులు కూడా తీయాలి. హెర్-2 అనే ప్రొటీన్ ఉందో లేదో కూడా ఆ ముక్కకే రంగు వేసి చూస్తారు. అది బాగా ఎక్కువగా ఉండి ముదిరిన పిత్తాశయ, పిత్తనాళ క్యాన్సర్లకు జానిడటమాబ్ అనే మందును అమెరికాలో 2024 నవంబరులో అనుమతించారు. పీ53, కేఐ-67 లాంటి ప్రొటీన్లను బట్టి మనిషి ఎన్నాళ్లుంటాడో చెప్పాలని ఏళ్లుగా తంటాలు పడుతున్నారు, ఏదీ ఇంకా గట్టిగా నిలబడలేదనుకోండి. రక్తంలో సీఏ 19-9 అనే క్యాన్సర్ సూచిక చూస్తే చాలదా అన్నారు మీవాళ్లు. కామెర్లొస్తే క్యాన్సర్ లేకున్నా అది పెరుగుతుంది, కొందరి ఒంట్లో అసలు తయారే కాదు!

"పిత్తాశయ క్యాన్సర్ గంగ ఒడ్డు జబ్బు, మనవైపు తక్కువ" అన్నారు మీ సర్జన్ గారు. ఉత్తరప్రదేశ్, బీహార్, అస్సాంలలో ఎక్కువన్నది నిజమే. తక్కువైతే చూడనక్కర్లేదా? చూడకుండా పారేస్తే లెక్కలోకి ఎట్లా వస్తుంది?



అక్క పోయింది. పరీక్ష చేసుంటే బతికేదని నేననను. బతికేదో కాదో చెప్పగల ముక్కే లేకుండా చేశారు. ఆ కాగితం సంగతి ఆలోచించండి. కనీసం ఆపరేషన్ గది బయట కూర్చున్నవాళ్ల చేతికి రాళ్ల డబ్బా ఇచ్చేటప్పుడు, సంచి ఎటు పోతోందో కూడా చెప్పండి.

ఇట్లు,
మైపాడు నుంచి ఒక తమ్ముడు