కోడికిని బావికిని నడుమ

మా చిన్నతనమున పల్లెలో ప్రతి పెరటిలోను నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉండెడివి. అవి తెల్లవారగనే గంప క్రిందినుండి వెలువడి, చల్లిన నూకలు తిని, పిమ్మట గడ్డిలోను, తోటకూర మడిలోను తిరిగి లేత ఆకులను, పురుగులను ఏరుకొనెడివి. అవి విడిచిన రెట్ట ఆ మొక్కలకే ఎరువగుచుండెను. కోడియు, మొక్కయు, బావియు ఒకే పెరటిలో నుండినను ఒకదానివలన మరియొకదానికి కీడు కలిగెడిది కాదు.

నేడు కోళ్ల పెంపకము పెద్ద పరిశ్రమ యైనది. 2023–24 సంవత్సరమున దేశమునందు ఉత్పత్తియైన గ్రుడ్లలో నూటికి సుమారు 18 ఆంధ్రప్రదేశ్ నుండియు, సుమారు 13 తెలంగాణ నుండియు వచ్చినవి. ఇది మనకు సంతోషకరమే. కాని ఆ పెరటిలోని మొక్కను మాత్రము మనము మరచితిమి. దానిని మరల కోడికిని బావికిని నడుమ నిలుపవలెనని నా అభిప్రాయము. ఏల యనగా వినుడు.

మొదట కోడి తిండిని గూర్చి ఆలోచింతము. గ్రుడ్డులోని పచ్చసొనకు ఆ రంగు ఎక్కడిది? కోడి దానిని తనంతట తాను పుట్టింపజాలదు. పచ్చజొన్న గింజలు, ఆకుకూరలు, బంతిపూల రేకులు మున్నగువానిలోని వర్ణద్రవ్యమే తిండితో కోడి కడుపు చేరి, పచ్చసొనలో నిలుచును. పచ్చని ఆకులలోని కెరోటిను కోడి శరీరమున ఎ విటమినుగా మారును. ఎండిన మునగాకులో సుమారు నాలుగవ వంతు మాంసకృత్తులే. నీటిపై తేలు అజోల్లా యను చిన్న మొక్క తన ఆకులలో నివసించు సూక్ష్మజీవుల సాయముతో గాలిలోని నత్రజనిని గ్రహించి, మంచి మేత యగుచున్నది. కోళ్లఫారములలోని దాణాకు ముఖ్యాధారములైన మొక్కజొన్నయు, సోయాచెక్కయు మొక్కల వరములే కదా!

అయితే కోడి తిన్నదంతయు గ్రుడ్డుగా మారదు. పెట్ట దినమునకు సుమారు 110 గ్రాముల దాణా తినును. దానిలోని నత్రజనిలో సగముకంటె ఎక్కువ రెట్టలోనికే పోవును. నేలపై పడిన రెట్టలోని నత్రజనిని మట్టిలోని సూక్ష్మజీవులు క్రమముగా నైట్రేటు అను లవణముగా మార్చును. ఈ నైట్రేటు నీటిలో సులభముగా కరగును. మట్టి దానిని పట్టి యుంచజాలదు. దానిని పీల్చుకొనుటకు అక్కడ వేరున్నచో అది ఆకగును, గింజ యగును. వేరు లేనిచో వాననీటితో క్రిందికి దిగి భూగర్భజలమును చేరును.

ఈ సంగతిని నేను పుస్తకములో చదువుటకు ముందే నా పొరపాటువలన తెలిసికొంటిని. నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న ఒక గ్రామమున, బడితోటకు ఎరువు ఉచితముగా దొరకుచున్నదని సంతసించి, బావికి ఇరువది గజముల దూరమున కోళ్ల ఎరువును కుప్పగా పోయించితిని. తోటపని వెనుకబడెను. కుప్ప రెండు వానకాలములు అచ్చటనే నానెను. బావినీరు చూచుటకు తేటగానే యుండెను. రుచి మారలేదు, వాసన లేదు. పరీక్షకు పంపగా నైట్రేటు హద్దు మీరినదని తేలెను. మన దేశమున త్రాగునీటికి ఆ హద్దు లీటరునకు 45 మిల్లీగ్రాములు. కుప్పను తీయించితిని గాని, నీరు వెంటనే బాగుపడలేదు. చాల కాలము పిల్లలు త్రాగునీటిని ఇండ్లనుండి మోసికొని వచ్చిరి. సీసాలు పట్టుకొని వచ్చు ఆ చిన్నవారిని చూచినప్పుడెల్ల నాకు సిగ్గు కలిగెడిది.

నీటిని కాచి త్రాగిన చాలదా యని మీరడుగవచ్చును. చాలదు. కాచుటవలన సూక్ష్మజీవులు నశించునే కాని నైట్రేటు పోదు. కొంత నీరు ఆవిరి యగుటచే మిగిలిన నీటిలో దాని పాలు మరింత పెరుగును. ఇందువలన పసిబిడ్డలకే మిక్కిలి అపాయము. వారి రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోయి, శరీరము నీలివర్ణము దాల్చును. 1945లో అమెరికాలోని అయొవా రాష్ట్రమున హంటర్ కామ్లీ యను వైద్యుడు ఈ వ్యాధికిని బావినీటి నైట్రేటునకును గల సంబంధమును వెల్లడించెను.

పదివేల కోళ్లున్నచోట నాలుగు మొక్కలు ఏమి చేయగలవని కొందరందురు. వారి మాటలో నిజము కలదు. పదివేల పెట్టల రెట్ట దినమునకు సుమారు ఒక టన్ను. దానికి కంచె వెంబడి మొక్కలు చాలవు, పొలములే కావలెను. మొక్కజొన్న నత్రజనిని విస్తారముగా కోరు పైరు. కోడి రెట్ట మొక్కజొన్న చేనికి పోయి, ఆ గింజ మరల కోడికి వచ్చినచో, బావికి పోవలసిన నైట్రేటు కంకిలో చేరును. కాని పైరునకు వలసినంతకు మించి వేసినను, పైరు లేని బీడుపై వానకు ముందు చల్లినను ఏ వేరును దానిని ఆపజాలదు. మొక్క మంచి కాపరియే గాని, మన అజాగ్రత్త నంతటిని మోయగల కూలి కాదు.

అట్లే ఆకు మంచిదని దాణా మాని ఆకులే వేయుటయు తగదు. కోడి పీచును ఎక్కువగా జీర్ణించుకొనలేదు. సుబాబుల్ వంటి ఆకులలో, మితిమీరినచో హాని చేయు పదార్థమును కలదు. దాణాకు తోడుగా ఆకును మితముగా నొసగవలెను.

కావున ఎరువు కుప్ప బావికి దూరముగా, గట్టి నేలపై, కప్పు క్రింద ఉండవలెను. దానికిని బావికిని నడుమ గడ్డియు, చెట్లును పెరుగవలెను. మట్టిని పరీక్షింపించి, పైరు ఎదుగు కాలముననే కొలతతో ఎరువు వేయవలెను. పెరటి కోళ్లున్నవారు మునగ, తోటకూర, బంతి నాటుకొనిన మేతయు దొరకును, రెట్టయు సద్వినియోగ మగును.

బాలురారా! బాలికలారా! ఈ సాయంకాలము మీ యింటి బావి యొద్దనో, బోరు యొద్దనో నిలిచి చుట్టును పరికింపుడు. ఎరువు కుప్ప ఎచ్చట నున్నది? వాన కురిసిన ఆ నీరు ఎటు పారును? ఆ దారిలో ఒక్క మొక్క యైనను ఉన్నదా? లేనిచో మీ తల్లిదండ్రులతో చెప్పి కుప్పను మార్పింపుడు, మొక్కను నాటుడు. నేను ఆలస్యముగా చేసిన పనిని మీరు ముందుగనే చేయవచ్చును.