ఇంటిపేరు లేని పట్టీలు

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీని, చెన్నపట్టణమునుండి ఒప్పందపు కూలీలతో బయలుదేరిన 'ట్రూరో' యను ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. 1911 వఱకును అట్లు పోయినవారిలో తెలుగువా రనేకులు. వారి సంతతివారు నేడు పూర్వుల యూళ్లను వెదకుచున్నారు. ఓడ పట్టీలలో తండ్రి పేరు, ఊరు, జిల్లా, తుదకు ఒంటిమీది మచ్చలును గలవు. ఇంటిపేరునకు మాత్రము గడి లేదు. ఇంటిపేరు లేనిదే తెలుగువాని వంశము తెలియుటెట్లు? ఊరిపేరొక్కటియు చాలదు: ఇబ్రహీంపట్నము కృష్ణయొడ్డున మనది యొకటి, హైదరాబాదు చెంత మఱియొకటి గలదు. పూర్వులు కూలికి పోయిరని చెప్పుటకు సిగ్గుపడుట తగదని మా యభిప్రాయము. బాలబాలికలారా! తాతలును నాయనమ్మలును బ్రదికియుండగనే, ఊరు విడిచినవారి పేర్లడిగి, ఇంటిపేరుతో వ్రాసి యుంచుడు. వెదకివచ్చువారికి మనము చేయదగిన సాయ మిదియే.