పత్రికా ప్రకటనలో పనిచేసిన చేతి పేరేది?

కొంతకాలం కిందట పెద్దవూరలో మన ఆడపిల్లలు కొందరు ఒక ఇంట్లో చేరి మగ్గం పని మొదలుపెట్టారు. ప్రారంభోత్సవం మరునాడు జిల్లా పేజీలో వార్త వచ్చింది. రిబ్బను కత్తిరించినవారి పేరు, పక్కన నిలుచున్న ఆరుగురి పేర్లు, వారి పదవులు అందులో ఉన్నాయి. పిల్లల గురించి చివర ‘పలువురు మహిళలు పాల్గొన్నారు’ అని ఉంది. ఏమి కుడతారో, వెల ఎంతో, ఎవరిని అడగాలో ఒక్క అక్షరం లేదు. తప్పు విలేకరిది కాదు. ఆ ప్రకటన రాసి ఇచ్చినది మన సంఘం వారే. వారిలో మేమూ ఉన్నాము.

మన సంఘాలకు పత్రికా ప్రకటన అంటే పెద్దల హాజరుపట్టీ. జీవితమంతా కార్యాలయంలో నోట్లు రాసిన మాకూ అదే అలవాటు. దీనివల్ల నష్టపోయేది మాత్రం కష్టపడేవారే. పట్టణంలోని దుకాణం ఆ పిల్ల చేత జాకెట్టు కుట్టించుకుని, తన పేరుతో అనేక రెట్లు ధరకు అమ్ముకుంటుంది. పెళ్లికూతురికి ఆ పూలు ఎవరి సూదిలోనుంచి వచ్చాయో తెలియదు.

హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఏటా రంజాన్‌కు పత్రికలు దాని గురించి తమంతట తామే రాస్తాయి. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో ఆ గుర్తింపు వచ్చినప్పుడూ విస్తారంగానే రాశాయి. అయితే నిప్పుల దగ్గర కూర్చుని లక్క కరిగించి, రాళ్లు ఒక్కొక్కటిగా అతికించే మనిషి పేరు ఎందరికి తెలుసు? గాజుకు పేరు వచ్చింది, చేతికి రాలేదు.

‘మా వద్ద నాణ్యమైన వస్తువులు లభించును’ అని రాసి పంపితే పత్రిక వేయదు. అది వ్యాపార ప్రకటన, డబ్బు కట్టమంటారు. అలా అడగడం అన్యాయమని మేము అనము. వార్త కావాలంటే అందులో జరిగిన సంగతి ఉండాలి. చదువు మానిన అమ్మాయి పని నేర్చుకుని మరో నలుగురికి నేర్పడం వార్త. పెళ్లిళ్ల కాలానికి ముందు కొత్త రకం పని సిద్ధం కావడం వార్త. నాలుగు వాక్యాలు, ఒక మంచి ఫొటో, ఫోన్ నెంబరు చాలు. మధ్యాహ్నంలోగా విలేకరి చేతికి అందాలి. లేని గొప్పలు రాయకూడదు. సరుకులోని లోపం దాచి అమ్మడం మన దీన్‌లో ఎలాగూ చెల్లదు.

ఇక ఆడపిల్ల పేరు పేపర్లో ఎందుకన్న అభ్యంతరం. ఈ మాట మా ముందే ఒక తండ్రి అన్నారు. బీబీ ఖదీజా (రజి) మక్కాలో పేరున్న వర్తకురాలు కదా అని మేము అడిగాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఫొటో మాత్రం వద్దన్నారు. సరే అన్నాము, ఆ పట్టు మాకూ తెలిసినదే.

రెండోసారి ప్రకటనలో ఏ పెద్దమనిషి పేరూ వేయలేదు. ఇద్దరు అలిగారు కూడా. పిల్ల పేరు, ఆమె కుట్టిన జాకెట్టు ఫొటో, తండ్రి ఫోన్ నెంబరు వేయించాము. ఆ వారంలో హాలియా నుంచి రెండు ఫోన్లు వచ్చాయట. ఒకరు ధర అడిగారు. రెండోవారు, తమ కూతురికి పని నేర్పుతారా అని అడిగారు.