రాణి కుట్టిన బొంత

హోనొలులులోని ఇయొలానీ రాజభవనం మేడ మీద ఒక బొంత కనిపిస్తుంది. పట్టు, వెల్వెట్ ముక్కలు అతికి కుట్టిన ఆ బొంత నడుమ హవాయి జెండాలున్నాయి. 1895లో దాదాపు ఎనిమిది నెలలు ఆ మేడలోనే బందీగా ఉన్న రాణి లిలియుఒకలానీ మొదలుపెట్టిన కుట్టుపని అది. తాను కొలువు తీరిన భవనమే ఆమెకు చెర అయింది.

ఆమెను గద్దె దించింది 1893 జనవరిలో. చక్కెర వ్యాపారంతో బలిసిన వర్గానికి అమెరికా నౌకాదళం అండ దొరికింది. 1898లో హవాయి దీవులు అమెరికాలో కలిశాయి, 1959లో యాభయ్యో రాష్ట్రమయ్యాయి. 1993లో అమెరికా కాంగ్రెస్ క్షమాపణ తీర్మానం చేసింది. రాజ్యం మాత్రం తిరిగి రాలేదు.

అంతకన్నా లోతైన గాయం భాషకు తగిలింది. 1896 చట్టం బడుల్లో బోధన ఇంగ్లిషులోనే సాగాలంది. హవాయి మాట తాతల తరంతో ఆగిపోయే స్థితి వచ్చింది. 1978లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి ఇంగ్లిషుతో పాటు దాన్నీ అధికార భాష చేశారు. 1984లో కొందరు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు పసిపిల్లలకు హవాయి భాషలోనే నడిచే ‘పునానా లేఓ’ బడి తెరిచారు. ఆ పేరుకు మాటల గూడు అని అర్థం. మూడేళ్లకు ప్రభుత్వ బడుల్లోనూ ఆ భాషలో బోధన మొదలైంది.

అగ్నిపర్వతాలు, అలలు ఈ సంచికలో ఎలాగూ ఉన్నాయి. హవాయి వెళ్లే పాఠకులు సముద్రతీరం కన్నా ముందు ఆ మేడ మెట్లెక్కాలని మనవి.