లెక్క ఎవరు వేయాలి?

మీ స్కూల్లో వందమంది పిల్లలు రోజూ సాయంత్రం మురుగు కాలవ పక్కనున్న మైదానంలో కబడ్డీ ఆడతారనుకుందాం. అక్కడ దోమలెక్కువ. "ఈ మైదానం వల్ల పిల్లలకు జ్వరాలు వస్తున్నాయా?" అని ఎవరో అడిగారు. డ్రిల్లు మేష్టారు హాజరు పట్టీలు తెప్పించి లెక్క చూశారు. ఆ ఏడాది స్కూలు మొత్తం మీద నూటికి 20 మందికి జ్వరం వచ్చింది. కబడ్డీ ఆడేవాళ్ళలో మాత్రం నూటికి 15 మందికే వచ్చింది. "చూశారా! మైదానంలో ఏ దోషమూ లేదు. పైగా అక్కడ ఆడితేనే ఆరోగ్యం!" అని మేష్టారు తేల్చేశారు.

ఈ లెక్కలో పొరపాటు ఎక్కడుందో చెప్పగలరా? ఒక్క నిమిషం ఆలోచించి, ఆ తరువాత చదవండి.

కబడ్డీకి ఎవరిని తీసుకుంటారు? గట్టిగా, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనే కదా! తరచు జబ్బు పడేవాళ్ళు ఆ జట్టులో ఉండనే ఉండరు. కాబట్టి ఆటగాళ్ళను స్కూలు మొత్తంతో పోల్చకూడదు. రోజూ ఆడేవాళ్ళను, వారానికి ఒకసారి ఆడేవాళ్ళతో పోల్చి చూడాలి. మైదానంలో ఎక్కువసేపు గడిపినవాళ్ళకే జ్వరాలు ఎక్కువగా వచ్చాయంటే అప్పుడు మైదానాన్ని అనుమానించాలి. ఇంకో సంగతి మరచిపోకండి. ఆ మైదానాన్ని ఎంచింది మేష్టారే. లెక్క వేసిందీ ఆయనే!

కబడ్డీ కథ నేను కల్పించినది. కాని ఇలాంటి లెక్క ఒకటి నిజంగానే జరిగింది. అందులో ఉన్నది జ్వరాలు కాదు, క్యాన్సర్లు.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో, కొలంబియా నది ఒడ్డున హాన్‌ఫర్డ్ అనే చోట 1943లో పెద్ద అణు కర్మాగారం వెలిసింది. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద వేసిన బాంబులోని ప్లుటోనియం ఇక్కడ తయారైనదే. దరిమిలా నది వెంట మొత్తం తొమ్మిది రియాక్టర్లు పనిచేశాయి. 1980 దశకం చివరికి ప్లుటోనియం తయారీ ఆగిపోయింది. 1989 నుంచి జరుగుతున్నది శుద్ధి పని. భూమిలో పాతిన 177 ట్యాంకులలో ఇరవై కోట్ల లీటర్లకు పైగా రేడియోధార్మిక వ్యర్థం నిలవ ఉంది. కొన్ని ట్యాంకులు కారి నేలలోకి ఇంకాయి కూడా. అప్పుడు ప్లుటోనియం తీసినవాళ్ళూ కార్మికులే, ఇప్పుడు దాన్ని కడుగుతున్నవాళ్ళూ కార్మికులే.

ఈ కార్మికుల ఆరోగ్యానికి ఏమవుతున్నదో తెలుసుకోవాలని అమెరికా అణుశక్తి సంఘం 1964లో టామస్ మాంక్యూసో అనే వైద్య శాస్త్రజ్ఞుడికి పని అప్పజెప్పింది. అది చాలా ఓపిక కావలసిన పని. రేడియోధార్మికత వల్ల వచ్చే క్యాన్సరు మర్నాడు కనబడదు. పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఆలోగా కార్మికులు ఉద్యోగాలు మాని దేశం నలుమూలలకు వెళ్ళిపోతారు. మాంక్యూసో సాంఘిక భద్రత పింఛను రికార్డుల ద్వారా వాళ్ళ జాడ పట్టాడు. ఎవరు ఎప్పుడు, ఏ జబ్బుతో పోయారో ఒక్కొక్కటే సేకరించాడు.

1974లో వాషింగ్టన్ రాష్ట్ర ఆరోగ్య శాఖలోని శామ్యూల్ మిల్‌హామ్ మరణ పత్రాలన్నీ పరిశీలించి, హాన్‌ఫర్డ్‌లో పనిచేసినవాళ్ళలో క్యాన్సరు మరణాలు ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉన్నాయన్నాడు. అది నిజం కాదని ప్రకటించమని అణుశక్తి సంఘం మాంక్యూసోను కోరింది. ఆయన ఒప్పుకోలేదు. "నా పని ఇంకా పూర్తి కాలేదు, ఉందనీ లేదనీ ఇప్పుడే చెప్పలేను" అన్నది ఆయన వైఖరి. ఫలితం? 1977తో ఆయనకిచ్చే డబ్బు ఆగిపోయింది. పని వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది.

ఆ డబ్బు ఆగేలోగా ఆయన ఇంగ్లండు నుంచి ఆలిస్ స్టూవర్టును, జార్జి నీల్‌ను పిలిపించాడు. గర్భిణులకు తీసే ఎక్స్‌రేల వల్ల పుట్టబోయే పిల్లలకు క్యాన్సరు ప్రమాదం పెరుగుతుందని 1950 దశకంలో చూపించిన వైద్యురాలు స్టూవర్టు. ముగ్గురూ కలిసి 1977లో తమ ఫలితాలు ప్రచురించారు. అప్పటిదాకా అనుకున్న దానికన్నా తక్కువ మోతాదు రేడియోధార్మికత కూడా హాని చేస్తుందన్నది వాటి సారాంశం. "మీ లెక్క సరి కాదు, ప్రమాదాన్ని మరీ ఎక్కువ చేసి చెప్పారు" అని చాలామంది శాస్త్రజ్ఞులు విమర్శించారు. విమర్శించడం తప్పు కాదు. విజ్ఞానం పెరిగేదే అలా! కాని తగవు తీరాలంటే ఏం చేయాలి? అసలు రికార్డులు ఇద్దరూ చూడాలి. ఆ రికార్డులు మాత్రం కర్మాగారం నడిపే ప్రభుత్వ శాఖ బీరువాలోనే ఉండిపోయాయి. బయటి శాస్త్రజ్ఞులు చూసే వీలు కలగడానికి 1990 దాకా పట్టింది. ఆ కాలంలోనే ఈ పరిశోధన బాధ్యతను ఇంధన శాఖ నుంచి ఆరోగ్య శాఖకు మార్చారు. పదమూడేళ్ళు! ఈలోగా ఎందరో కార్మికులు తమకేమైందో తెలియకుండానే ముసలివాళ్ళయ్యారు.

"రహస్యమైన కర్మాగారం కదా, నిపుణులూ రికార్డులూ దాని దగ్గరే ఉంటాయి. బయటివాళ్ళకేం తెలుస్తుంది?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. కర్మాగారం కొలవడం మానకూడదు. ప్రతి కార్మికుడికీ ఎంత మోతాదు తగిలిందో రోజూ కొలిచి రాయవలసింది అదే. కాని కొలవడం వేరు, తీర్పు చెప్పడం వేరు. పరీక్ష రాసినవాడే తన పేపరు తానే దిద్దుకుంటే మనం ఒప్పుకుంటామా? వాడు నిజాయితీపరుడే కావచ్చు. అయినా ఒప్పుకోం.

కొలతల్లోనూ చిక్కులున్నాయి. కార్మికుడి చొక్కాకు తగిలించే ఫిల్ము బ్యాడ్జి ఒంటి మీద బయటినుంచి పడే కిరణాలను కొలుస్తుంది. ఊపిరితో లోపలికి పోయిన ప్లుటోనియం దుమ్ము దానికి తెలియదు. అందుకు మూత్ర పరీక్షలు కావాలి. ట్యాంకుల నుంచి వచ్చే రసాయనాల ఆవిరి సంగతి బ్యాడ్జికి అసలే తెలియదు. ఆ ఆవిరి పీల్చి జబ్బు పడ్డామని 2014లోనూ, 2016లోనూ పదులకొద్దీ హాన్‌ఫర్డ్ కార్మికులు చెప్పారు. బ్యాడ్జి సున్నా చూపిందంటే మనిషికి ఏమీ కాలేదని అర్థం కాదు.

2000లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. అణ్వాయుధ కర్మాగారాల్లో పనిచేసి జబ్బు పడిన అర్హులకు లక్షా యాభై వేల డాలర్లు, వైద్యం ఖర్చు ఇస్తారు. పాత రికార్డులు చాలని చోట కొన్ని తరగతుల కార్మికులను "నీకెంత మోతాదు తగిలిందో రుజువు చెయ్యి" అని అడగరు. హాన్‌ఫర్డ్‌లోనూ అలాంటివారున్నారు. సరిగ్గా రాసి పెట్టకపోవడం కార్మికుడి తప్పు కాదని ఆలస్యంగానైనా ఒప్పుకున్నారన్న మాట.

మరి అసలు ప్రశ్నకు జవాబు దొరికిందా? చాలావరకు దొరికింది. అమెరికా, ఫ్రాన్సు, బ్రిటన్ దేశాల్లోని 3 లక్షల 9 వేల మందికి పైగా అణు కార్మికుల రికార్డులు కలిపి చేసిన పరిశోధన 2023లో వెలువడింది. హాన్‌ఫర్డ్ కార్మికులూ అందులో ఉన్నారు. మోతాదు పెరిగినకొద్దీ క్యాన్సరు మరణాలు పెరిగాయి. ఒక గ్రే మోతాదుకు గడ్డల రూపంలో వచ్చే క్యాన్సర్ల మరణాలు సుమారు 52 శాతం ఎక్కువ. అయితే కార్మికులకు మొత్తం సర్వీసులో సగటున తగిలింది అందులో నలభయ్యో వంతు కూడా లేదు. అంటే సగటు కార్మికుడికి అదనపు ప్రమాదం చాలా చిన్నది. ఎక్కువ మోతాదు తగిలినవాళ్ళకు చిన్నది కాదు. ఇక్కడ పోల్చింది ఎవరితోనో గమనించారా? కార్మికులను ఊళ్ళోవాళ్ళతో కాదు. ఎక్కువ మోతాదు తగిలిన కార్మికులను, తక్కువ తగిలిన కార్మికులతో. మన కబడ్డీ లెక్కే!

కాబట్టి అణుశక్తి పేరు వింటేనే భయపడి పరుగెత్తవలసిన పని లేదు. "ఏమీ లేదు, పొండి" అనడానికీ వీల్లేదు. నా అభిప్రాయం ఇది: ప్రమాదం ఉన్న చోట పనిచేసే ప్రతివాడి లెక్కా మొదటి రోజు నుంచే రాసి పెట్టాలి. ఆ లెక్క చూసి తీర్పు చెప్పే పని యజమానిది కాకూడదు. ఆ తీర్పు అందరికన్నా ముందు కార్మికుడికి తెలియాలి.

ఇది ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. రాళ్ళు కొట్టే క్వారీలోనైనా, పత్తి మిల్లులోనైనా, పురుగుమందుల ఫ్యాక్టరీలోనైనా ఇదే లెక్క. రేపు మీలో కొందరు అక్కడ పనిచేస్తారు. కొందరు డాక్టర్లవుతారు, కొందరు యజమానులూ అవుతారు. "మా కార్మికులు అందరికన్నా ఆరోగ్యంగా ఉన్నారు" అని ఎవరైనా మీతో అంటే మూడు ప్రశ్నలు అడగండి. ఎవరితో పోల్చారు? ఎన్నేళ్ళు చూశారు? లెక్క ఎవరు వేశారు?