ఉద్దానం మీదుగా పోయే రాడార్ చూపు

తుపాను రోజులు వచ్చాయంటే జిల్లాలో అందరి నోటా విశాఖ రాడార్ మాటే. ఇప్పుడు ఆ బొమ్మ సెల్‌ఫోన్‌లోనే కనిపిస్తున్నది. బొమ్మలో రంగు లేదు, వాన రాదు అనుకుని కోసిన చేను పనలమీదే వదిలేసే రైతులూ ఉన్నారు. ఈ ధీమా శ్రీకాకుళం దగ్గర కొంతవరకు చెల్లుతుంది. పలాస దాటి సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు వెళ్లేకొద్దీ చెల్లదు. లోపం యంత్రంలో లేదు. భూమి గుండ్రంగా ఉండడమే దీనికి కారణం.

బారువ ఒడ్డున నిలబడి వేటకు పోయే పడవను చూసినవారికి ఈ సంగతి కొత్త కాదు. ముందు పడవ అడుగు మునిగినట్లు కనబడదు, తెరచాప కొన మాత్రం ఇంకాసేపు కనిపిస్తుంది. పడవ ఎక్కడా మునగలేదు, మధ్యలో సముద్రపు ఒంపు అడ్డు వచ్చింది, అంతే. రాడార్ చూపుకూ ఇదే చిక్కు. అది వదిలే రేడియో తరంగం వానచుక్కలకు తగిలి వెనక్కి వస్తుంది. 150 కిలోమీటర్ల దూరం పోయి రావడానికి దానికి పట్టే కాలం సెకనులో వెయ్యో వంతు. తరంగం దాదాపు తిన్నగా పోతుంది, నేల మాత్రం కిందికి ఒంగిపోతుంది. గాలి పొరలు తరంగాన్ని కొద్దిగా కిందికి వంచుతాయి గాని, భూమి ఒంపులో అది నాలుగో వంతు మాత్రమే.

పైగా కిరణాన్ని పూర్తిగా నేలబారుగా తిప్పడం కుదరదు. చెట్లు, మేడలు, కొండలు అడ్డు. అర డిగ్రీ పైకెత్తి తిప్పినా విశాఖ నుంచి బయల్దేరిన కిరణం శ్రీకాకుళం మీద ఒక కిలోమీటరు పైచిలుకు ఎత్తున, పలాస మీద సుమారు 3, ఇచ్ఛాపురం మీద నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున పోతుంది. దూరం పోయేకొద్దీ అది వెడల్పవుతుంది కూడా. పలాస చేరేసరికి దాని మందమే దాదాపు 3 కిలోమీటర్లు.

అందుచేత 12, 15 కిలోమీటర్లు లేచిన ఉరుముల మబ్బు ఎంత దూరాన ఉన్నా దొరుకుతుంది. ఎత్తు లేని మబ్బు నుంచి పడే ముసురు కిరణం కిందనే ఉండిపోతుంది. గాలి సంగతి ఇంకా ముఖ్యం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టం చేసింది. చెట్టును పడగొట్టేది నేలమీది గాలి. విశాఖ రాడార్ కొలవగలిగేది ఆ చెట్టుకు 3 కిలోమీటర్ల పైనున్న గాలిని. రెండూ ఒకటి కావు.

1970లో దేశంలోనే తొలి తుపాను రాడార్ విశాఖలో వెలిసింది. సముద్రంలో తుపాను కన్ను ఎక్కడున్నదీ పట్టడం దాని పని. ఆ పనికి విశాఖ రాడార్ నేటికీ సరిపోతుంది. మండలం వారీగా వాన చెప్పమంటేనే ఇబ్బంది. యంత్రం శక్తి పెంచినా లాభం లేదు. కిరణం ఇంకా దూరం పోతుంది, ఇంకా ఎత్తుకు పోతుంది.

దగ్గరలో మరో రాడార్ ఉండడమే విరుగుడు. అది ఉంది కూడా, అయితే రాష్ట్రం సరిహద్దు దాటి ఒడిశాలోని గోపాల్‌పూర్‌లో. ఇచ్ఛాపురానికి అది 30 కిలోమీటర్లలోపే. దాని కిరణం పలాస మీద సుమారు కిలోమీటరు ఎత్తులోనే పోతుంది. కనుక ఉద్దానం రైతు విశాఖ బొమ్మకన్నా గోపాల్‌పూర్ బొమ్మ చూసుకోవడం మేలు. అక్కడా ఒక మెలిక లేకపోలేదు: 1,500 మీటర్ల మహేంద్రగిరి ఆ దిక్కున కింది కిరణాన్ని ఆపేస్తుంది, కొండ చాటు ఊళ్లకు ఆ ప్రయోజనం దక్కదు.

2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 2,000 కోట్ల రూపాయలతో మిషన్ మౌసమ్‌కు ఆమోదం తెలిపింది. రాడార్ల సంఖ్య పెంచడం అందులో ఒక భాగం. మన ప్రజాప్రతినిధులు ఎన్ని రాడార్లు వస్తాయని కాక, మా మండలం మీద కింది కిరణం ఎంత ఎత్తున పోతుందని అడగాలి. అప్పటివరకు ఆ ఎత్తుకు దిగువన ఏం జరుగుతున్నదీ చెప్పగలిగినవి మండలంలోని వానమాపకం, గాలి కొలిచే పరికరాలు. వాటి లెక్క సకాలంలో కళింగపట్నం, విశాఖ కేంద్రాలకు అందాలి. 36,000 కిలోమీటర్ల పైనుంచి చూసే ఇన్‌శాట్ ఉపగ్రహానికి కూడా కనిపించేది మబ్బు నెత్తి మాత్రమే.