ఎత్తు సరే... లోతు సంగతేంటి?

ఖమ్మంలో ఓ రిటైర్డ్ మాస్టారింట్లో కారు కొనడం మీద నెల్లాళ్లు చర్చ నడిచింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుక్కి ఇంజిన్ ముఖ్యం. కోడలికి సన్‌రూఫ్ కావాలి. మనవడి దృష్టిలో డ్యాష్‌బోర్డు మీద తెర ఎంత పెద్దదైతే కారు అంత గొప్పది. మాస్టారిది ఒకటే ప్రశ్న... 'లీటరుకి ఎంతిస్తుంది?' చివరికి తేల్చింది వీళ్లెవరూ కాదు. షోరూములో అందరూ సేల్స్ కుర్రాడి చుట్టూ మూగి ఉంటే, మాస్టారి భార్య వెనక తలుపు తీసింది. కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, నడుం వంచకుండా పక్కకి తిరిగి సీట్లో కూర్చుంది. దిగింది. మళ్లీ ఎక్కింది. 'ఒరేయ్, మోకాళ్లు పట్టెయ్యలేదురా. ఇదే తీసుకో' అంది.

బేరం అయిపోయింది.

కంపెనీల ప్రకటనల్లో ఈ మాట కనిపించదు. అక్కడ కారు కొండలెక్కుతుంటుంది, ఇసుకలో దుమ్ము రేపుతుంటుంది. మన ఇళ్లలో మాత్రం ఎత్తు కారు గెలిచేది మోకాళ్ల దగ్గరే. సెడాన్‌లో కూర్చోవడమంటే గోతిలోకి దిగినట్టు, లేవడమంటే ఎవరో చెయ్యి అందించాల్సిందే. ఇందులో సీటు నడుం ఎత్తులో ఉంటుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ ఒక్క సుఖం ముందు సన్‌రూఫ్ ఏపాటిది! అయినా మన ఎండల్లో ఏడాదిలో ఎన్నిరోజులు దాన్ని తెరుస్తారు? తెరిచిన రోజున పిల్లలు అందులోంచి తల బయటపెట్టి నిలబడతారు. అది ఇంకో తలనొప్పి. సడన్ బ్రేకు వేస్తే ఆ పిల్లల్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు.

ఈ కార్లని క్రాస్ఓవర్లంటారు. చూడ్డానికి జీపు, పుట్టుకకి కారు. మన దేశంలో 2012లో డస్టర్, 2013లో ఎకోస్పోర్ట్, 2015లో క్రెటా, 2016లో బ్రెజా... ఒక్కొక్కటీ వచ్చి మధ్యతరగతి వాకిట్లో నిలబడ్డాయి. 2019లో పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ బయటికి రావడంతో 'మన దగ్గర తయారైన కారు' అనుకునే ముచ్చటా తీరింది. అసలు సిసలు జీపులకి కింద ఇనుప చట్రం వేరు, దానిమీద బాడీ వేరు. క్రాస్ఓవర్‌కి మామూలు కారులాగే రెండూ ఒకటే. అందుకే కుదుపు తక్కువ, నడపడం తేలిక. కాకపోతే ఓ మెలిక ఉంది. వీటిలో ఎక్కువ మోడళ్లకి ఇంజిన్ బలం అందేది ముందు రెండు చక్రాలకే.

ఆ సంగతి గుంటూరు వైపు పెళ్లికెళ్లిన ఓ బ్యాంకు ఉద్యోగికి నల్లరేగడి చేలో తెలిసింది. రాత్రి వాన పడింది. పొద్దున విడిది ఇంటి వెనక, చేలో ఆపిన కారు తియ్యబోతే ముందు చక్రాలు అక్కడే తిరిగి తిరిగి మట్టిలోకి దిగబడిపోయాయి. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకా లోతుకి. పెళ్లివారి ట్రాక్టరు వచ్చి తాడు కట్టి లాగింది. 'బావగారూ, ఇది జీపన్నారు కదా?' అని వియ్యాలవారి తరఫు కుర్రాడు అడిగిన ప్రశ్నకి ఆయన దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఇక మాస్టారి ప్రశ్న దగ్గరికొద్దాం. మైలేజీ! కంపెనీ చెప్పే అంకె అబద్ధం కాదు, అలాగని మన రోడ్డుదీ కాదు. ప్రయోగశాలలో కారు చక్రాల్ని రోలర్ల మీద తిప్పి, నిర్ణయించిన వేగాల్లో కొలిచిన అంకె అది. అక్కడ ఎల్బీనగర్ సిగ్నల్ ఉండదు, వెనక సీట్లో నలుగురుండరు. మాస్టారు ఆ గొడవంతా పెట్టుకోలేదు. కారు కొన్న రోజే రూళ్ల నోటుపుస్తకం ఒకటి గ్లవ్‌బాక్సులో పెట్టారు. ట్యాంకు నిండా పోయించడం, మీటరు రాసుకోవడం. మళ్లీ నిండా పోయించినప్పుడు తిరిగిన కిలోమీటర్లని పోసిన లీటర్లతో భాగించడం. ఇదొక్కటే నమ్మకమైన లెక్క. తెరమీద కారు తనకు తాను చూపించుకునే మైలేజీకన్నా ఇది తక్కువే వచ్చింది. ఊళ్లో 11, హైవే మీద 15, 16. కొడుకు నడిపిన నెలలో 13!

ఆ తేడా ఎక్కడిదో కొడుక్కి తెలుసు, చెప్పడు. ఎత్తు కారుకి గాలి ఎదురు ఎక్కువ. వేగం పెరిగితే గాలి అడ్డు అంతకు రెట్టింపు లెక్కన కాదు, వర్గం లెక్కన పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలు. ఇది మాస్టారే ఒకప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలకి చెప్పిన లెక్క. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. దానిలో శక్తి పెట్రోలుకన్నా దాదాపు మూడోవంతు తక్కువ. ఈ మిశ్రమానికి తగ్గట్టు తయారుకాని పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021లోనే తన నివేదికలో రాసింది. కొత్త బండ్లలో తేడా తక్కువ.

డీజిల్ కొన్నవాళ్ల బాధ వేరు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసి కాలిపోవాలంటే కారు కొంతసేపు ఆగకుండా, ఓ మోస్తరు వేగంతో పరుగెత్తాలి. మలక్‌పేట నుంచి కోఠికి ఆఫీసుకెళ్లి వచ్చే కారుకి ఆ భాగ్యం ఎక్కడిది? ఎనిమిదినెలలకే డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. 'సార్, వారానికోసారి ఔటర్ మీద అరగంట తిప్పి తీసుకురండి' అన్నాడు మెకానిక్. దాంతో ఆదివారం సాయంత్రం షికారు ఆ ఇంట్లో తప్పనిసరి అయింది. భార్యాపిల్లలకి పండగ. డీజిల్ మిగులుతుందని కొన్నాయన మాత్రం మసి కాల్చడానికి డీజిల్ కాలుస్తున్నాడు. రోజుకి పది పన్నెండు కిలోమీటర్లు మించి తిరగనివాళ్లు డీజిల్ జోలికి పోకపోవడమే మంచిది.

ఇవన్నీ డబ్బు లెక్కలు. ఇంకో లెక్క ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఏడుగురి బండి అని కొంటారు. మూడో వరసలోకి వెళ్లాలంటే రెండో వరస సీటు ముందుకి మడిచి, ఒంగి దూరాలి. ఏ మోకాళ్ల కోసం కారు కొన్నారో ఆ మోకాళ్లు అక్కడికి వెళ్లలేవు. కాబట్టి వెనక పిల్లలు. వాళ్ల తలకీ వెనక అద్దానికీ మధ్య దూరం తక్కువ. మూడో వరస తెరిస్తే డిక్కీలో రెండు బ్యాగులు పట్టడం కష్టం. సామాను పిల్లల కాళ్ల దగ్గరికి చేరుతుంది. సంక్రాంతికి పంతంగి టోల్‌గేటు దగ్గర వరసలో నిలబడ్డ కార్లలోకి ఓసారి తొంగిచూడండి. ఏడు సీట్లలో తొమ్మిదిమంది, ఒక్కోచోట పది. ఒళ్లో పిల్లలు, కాళ్ల మధ్య బియ్యం మూట, పైన అరిసెల డబ్బా. బెల్టు ఎవరు పెట్టుకున్నారని అడిగితే ముందు ఇద్దరూ చెయ్యెత్తుతారు. వెనకవాళ్లు నవ్వుతారు. 'వెనక కూడానా?'

వెనక కూడా. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పాల్ఘర్ జిల్లాలో జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఆయన, ఆయనతోపాటు మరణించిన మరొకరు కూర్చున్నది వెనక సీట్లోనే. బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. బెల్టు కట్టుకున్న ముందు ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు. కారు చిన్నదేమీ కాదు, ఖరీదైనదే. మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టుగానీ పిల్లల సీటుగానీ ఉండాలి. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. కానీ మన దగ్గర పసిబిడ్డకి తల్లి ఒడికి మించిన సీటు లేదన్న నమ్మకం గట్టిది. కారు గుద్దుకున్న క్షణంలో పది కిలోల బిడ్డ ఏ తల్లి చేతులకీ ఆగనంత బరువవుతాడు. ఇది ప్రేమకి సంబంధించిన విషయం కాదు, భౌతికశాస్త్రం.

బెల్టు పెట్టుకోకపోతే కారు బీప్‌బీప్‌మంటుంది కదా, దాని నోరు మూయించడానికి ఓ ప్లాస్టిక్ క్లిప్పు దొరికేది. ప్రాణం కాపాడమని గోలపెట్టే యంత్రాన్ని డబ్బిచ్చి ఊరుకోబెట్టడం! 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాటి అమ్మకం ఆపమని ఐదు ఆన్‌లైన్ సంస్థలని ఆదేశించింది. ఇళ్లలో ఉన్నవి ఉన్నాయి.

ఎత్తు ఇచ్చే ఇంకో భ్రమ నీళ్ల దగ్గర బయటపడుతుంది. కారు అడుగుభాగానికీ రోడ్డుకీ మధ్య 180 నుంచి 200 మిల్లీమీటర్లు ఉంటుందని గొప్పగా చెబుతారు. అంటే ఎనిమిదంగుళాల లోపు. జానెడు! స్పీడ్‌బ్రేకర్‌కీ గుంతకీ అది చాలు. ప్రవహించే నీటికి చాలదు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారుని, రెండడుగులైతే ఎస్‌యూవీనైనా తోసుకుపోగలదు. కారు బరువైనదని మనం అనుకుంటాం, నీటికి అది మూతపెట్టిన డబ్బా.

2024 సెప్టెంబరు మొదటివారంలో విజయవాడ సింగ్‌నగర్‌ని బుడమేరు ముంచినప్పుడు సెల్లార్లలో, వీధుల్లో ఉన్న కార్లు ఎత్తువీ పొట్టివీ తేడా లేకుండా మునిగాయి. నీళ్లు తీశాక అక్కడ తెలిసొచ్చిన పాఠం ఇన్సూరెన్సుది. ఆగి ఉన్న కారు మునిగితే సమగ్ర పాలసీలో నష్టం చూస్తారు. 'ఓసారి చూద్దాం' అని మీట నొక్కి స్టార్ట్ చేశారో, కథ మారిపోతుంది. ఇంజిన్‌లోకి చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు. లోపలి కడ్డీలు వంగిపోతాయి. అది వరద నష్టం కాదు, మీరు చేసుకున్నది అంటుంది కంపెనీ. ఇంజిన్ రక్షణ అని విడిగా కట్టే చిన్న ప్రీమియం ఉన్నవాళ్లకి ఊరట. ప్రీమియం తగ్గించుకోవడానికి చాలామంది ముందుగా కొట్టేసేది దాన్నే. మునిగిన కారుని స్టార్ట్ చెయ్యకుండా, బ్యాటరీ తీగ తీయించి, ఫొటోలు తీసుకుని, లాగించుకుపోవాలి.

అదే సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మాన్నీ ముంచింది. మాస్టారిల్లు మెరక మీద ఉండటంతో గండం గడిచింది. ఆ నీళ్లని కళ్లారా చూసిన ఇంటావిడ మాత్రం మరిచిపోలేదు.

కిందటి వానాకాలం ఆరుగురూ డోర్నకల్ వైపు ఓ గృహప్రవేశానికి బయల్దేరారు. దారిలో లోలెవల్ వంతెన మీంచి వాగు పారుతోంది. ఎర్రటి నీళ్లు, ఎంత లోతో తెలీదు. ఎదుటి గట్టు మీంచి ఓ ట్రాక్టరు దాటి వచ్చింది. అవతల రెండు కార్లు ఆగి ఉన్నాయి. కొడుకు అద్దం దించి చూశాడు. 'మన బండి ఎత్తే కదా నాన్నా. ఫస్టు గేర్లో వదలకుండా పోతే ఐదు నిమిషాలు' అన్నాడు. మాస్టారు ఏమీ అనలేదు. ముహూర్తం టైము చూసుకుంటున్నారు. కోడలు, 'ఏవండీ...' అని ఆగిపోయింది.

వెనక తలుపు చప్పుడైంది. ముసలావిడ దిగి రోడ్డు పక్కన నిలబడింది. నడుం వంచకుండానే దిగింది. ఎత్తు కారు కదా!

'అత్తయ్యా, ఎక్కండి, తడిసిపోతారు.'

'మీరు దాటి వెళ్లండమ్మా. పిల్లలిద్దర్నీ నా దగ్గర దింపేసి వెళ్లండి.'

కొడుకు ఓ నిమిషం స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత రివర్స్ గేరు వేశాడు. గృహప్రవేశానికి వెళ్లేసరికి పాలు పొంగించడం అయిపోయింది, భోజనాలు నడుస్తున్నాయి. ఆ రాత్రి ఇంటికొచ్చాక మాస్టారు నోటుపుస్తకం తీసి తేదీ, మీటరు, లీటర్లు రాశారు. పక్కన ఖాళీగా ఉండే గడిలో ఇంకో వాక్యం చేర్చారు: 'వాగు. వెనక్కి తిరిగాం. అదనంగా 42 కి.మీ.'